కింది లైనే చెల్లుతుంది

త్రిమూర్తులు ఈమధ్య కూతురు తినందే ముద్ద ఎత్తడం లేదు. పప్పు ముందు ఆ పిల్లకే, నెయ్యి ముందు ఆ పిల్లకే. చేపల పులుసు వండిన రోజైతే మెత్తటి ముక్క ఏరి, ముళ్లన్నీ తీసి, ఆ పిల్ల కంచంలో పెట్టి, "నెమ్మదిగా తినమ్మా, నీకు పళ్లు లేవు కదా" అంటాడు. చిట్టికి నిజంగానే ముందు పళ్లు ఊడాయి. రెండో తరగతి చదివే పిల్లకి పళ్లు ఊడక ఏమవుతాయి? ఆ మాటకి తల్లీ కూతుళ్లు విరగబడి నవ్వారు.

నవ్వక ఏం చేస్తారు లెండి. మన వైపు తండ్రి కూతుర్ని 'అమ్మా' అని పిలవడం ఎవరికి వింత? పైగా ఆయన భార్య సుభాషిణికి అది కళ్లు చెమర్చే సంగతి. కిందటేడు ఇదే మనిషి భార్యనీ బిడ్డనీ పోల్చుకోలేక, ఆస్పత్రి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వీపు చూస్తూ కూర్చున్న మనిషికి ఇప్పుడీ గారాబం కళ్లబడితే కడుపు నిండిపోదూ?

త్రిమూర్తులు కాకినాడ జగన్నాథపురంలో పడవలకి రంగులు వేసి, వాటి మీద పేర్లు రాసే మనిషి. చెయ్యి తిరిగినవాడు. కిందటి వానాకాలంలో మెదడువాపు జ్వరం పట్టుకుంది. ప్రాణం దక్కింది కానీ, లోపల మనుషుల్ని గుర్తుపట్టే చోటు ఒక్కటీ మాడిపోతూ వచ్చింది. చూపుంది, మాటుంది, కుంచె పట్టే చెయ్యి ఉంది. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో మాత్రం తెలియదు. సుభాషిణి ఉద్యోగం చేసేది సరిగ్గా ఆ జబ్బు మీద పనిచేసే పరిశోధనశాలలోనే. దాన్ని అదృష్టమనాలో ఇంకేమైనా అనాలో, కథ పూర్తయ్యాక మీరే చెప్పండి.

అక్కడ డాక్టర్ పరంజ్యోతి కనిపెట్టిన వైద్యం ఇది. మెదడులో ఆ చోటు పూర్తిగా చల్లారిపోకముందే కావలసినవాళ్లని ఒక్కొక్కరినీ రోగి ఎదుట నిలబెడతారు. లోపల ఇంకా మిగిలిన కాస్త మెరుపునీ యంత్రంతో పట్టి మూట కడతారు. మొహం, గొంతు, నడక, ఆ మనిషి మీదున్న ప్రేమ, అలక, భయం, అన్నీ కలిపి మనిషికో మూట. పోయినవాళ్లదైతే ఫొటోలు చూపించి, వీడియోల్లో గొంతు వినిపించి కడతారు. దానికి నెలలు పడతాయి. చెవి వెనక గోరంత చిప్పు అమర్చుతారు. రోజూ రోగి నిద్ర లేచేముందు ఒక ప్రోగ్రాం ఆ మూటల్ని తెచ్చి ఎక్కడివక్కడ సర్దుతుంది. కంప్యూటరు వాళ్ల భాషలో దాన్ని ప్యాకేజీ మేనేజర్ అంటారు. ల్యాబులో అందరూ 'మేస్త్రి' అనేవారు.

మేస్త్రికి సొంత తెలివంటూ ఏమీ లేదు. దాని చేతిలో ఒక కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది. అందులో లైనుకో పేరు. ఫైలు చదువుతుంది, పేరున్న మూటల్ని దించుతుంది, ఏ లైనూ అడగని మూట ఉంటే చెత్త కింద జమకట్టి పారేస్తుంది, చివరికి ఆ ఫైలుని శుభ్రం చేసి మళ్లీ రాసిపెడుతుంది. ఆ చదవడం, రాయడం చేసే భాగం రాసింది సుభాషిణే. మొగుడి మెదడులో తను రాసిన మేస్త్రి తిరుగుతోందంటే, ఆవిడకి గర్వం లేదని ఎలా అంటాం?

కంచం దగ్గర మొదలైన గారాబం అక్కడితో ఆగలేదు. ఒక సాయంత్రం త్రిమూర్తులు నొప్పులకి రాసుకునే తైలం కొనుక్కొచ్చి, చిట్టి మోకాళ్లకి మర్దనా చేస్తూ కూర్చున్నాడు. పిల్ల చక్కిలిగింతలకి మెలికలు తిరిగిపోతోంది. "మెట్లెక్కడం మానెయ్యమంటే వినవు కదా," అని ఆయన మెల్లగా కసురుతున్నాడు. కూరగాయలు తరుగుతున్న సుభాషిణి చేతిలో కత్తి ఆగింది. చిట్టి పుట్టకముందే పోయిన అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉండేవి. ఇదే తైలం, ఇదే మంచం, ఇదే మాట. రేపు పరంజ్యోతి మేడమ్‌తో చెప్పాలి అనుకుంది. మర్నాడు ల్యాబులో కొత్త రోగి చేరాడు, ఆ హడావిడిలో చెప్పనే లేదు.

ఆ శనివారం ఒంటిపూట బడి. త్రిమూర్తులే వెళ్లి పిల్లని తీసుకొచ్చాడు. సుభాషిణి మధ్యాహ్నం దాటాక ఇంటికి వచ్చేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. లోపల్నించి అగరొత్తుల వాసన. పూజ వేళ కాదే అనుకుంటూ గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి అక్కడే కొయ్యబారిపోయింది.

హాలు మధ్య చాప మీద చిట్టి పడుకుని ఉంది. తల దక్షిణం వైపు. తల దగ్గర దీపం. మెడదాకా తెల్ల దుప్పటి. దుప్పటి కింద నుంచి పాదాలు బయటికి కనబడుతున్నాయి. రెండు బొటనవేళ్లూ కలిపి నూలు దారంతో కట్టేసి ఉన్నాయి. పక్కన త్రిమూర్తులు తడిబట్టలతో గొంతుక్కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కుతున్నాడు.

"అమ్మ పోయింది సుభా," అన్నాడు తలెత్తి. "అన్నం తిని పడుకుంది. మరి లేవలేదు. కట్టెలకి కబురు పంపేను."

సుభాషిణి ఎలా దూకిందో, ఎలా ఆ పిల్ల ముక్కు దగ్గర చెయ్యి పెట్టిందో ఆవిడకే తెలీదు. వెచ్చటి ఊపిరి తగిలింది. పిల్ల హాయిగా, నోరు తెరుచుకుని, చెమటలు కక్కుతూ నిద్రపోతోంది. దీపం ఆరిపోతుందని ఆయన ఫ్యాను ఆపేశాడు. సుభాషిణి దారం పళ్లతో కొరికేసింది. పిల్ల ఉలిక్కిపడి లేచి, కళ్లు నులుముకుని, తెల్ల దుప్పటినీ దీపాన్నీ తండ్రినీ చూసి బావురుమంది. అది లేవడం చూసి త్రిమూర్తులు మొహంలో రక్తం లేదు. మరుక్షణం ఆ పిల్ల కాళ్ల మీద పడి, "బతికేవా అమ్మా, నన్నొదిలెళ్లకే" అని గుండెలు బాదుకున్నాడు. తల్లి చంకలోంచి చిట్టి కాళ్లు వెనక్కి లాక్కుంటోంది.

అంతలో వీధిలో ఆటో ఆగిన చప్పుడు. వెనకంతా కట్టెలు. డ్రైవరు తలపాగా తీసి చేత్తో పట్టుకుని, పోయినవారు ఎవరండీ అని వినయంగా అడిగాడు. సుభాషిణి కొంగు నోట్లో కుక్కుకుని, పిల్లని గట్టిగా అదుముకుని, వెళ్లిపొమ్మని చేత్తో సైగ చేసింది. ఆ కట్టెల ఆటో సందు తిరిగేదాకా ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడింది.

ఆ సాయంత్రమే పిల్లని సామర్లకోటలో చెల్లెలింట దింపి, సుభాషిణి ల్యాబుకి పరుగెత్తింది. పరంజ్యోతి మేడమ్ ఫైలు తెరిచింది. ఇద్దరూ పై నుంచి కిందకి చదువుకుంటూ వచ్చారు. సుభాషిణి లైను ఉంది. ఆవిడ చెల్లెలి లైను ఉంది. పడవల షెడ్డు యజమాని లైను ఉంది. అన్నిటికంటే అడుగున 'మాణిక్యం' అని ఉంది.

ఉందిగా, అని సుభాషిణి ఊపిరి తీసుకోబోయింది. చిట్టి బడి పేరు మాణిక్యమే. కానీ చిట్టి లైను ఉండవలసింది తన లైను పక్కన, పైన. దాన్ని తనే స్వయంగా టైపు చేసింది. పైన లేదు. అడుగున ఉన్న లైను ఎవరిదో మూట విప్పి చూస్తే, అందులోంచి ఒక ముసలావిడ గొంతు ఖంగున దగ్గింది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. అత్తగారు పోయిన ఏడాదికి పుట్టిన పిల్లకి ఆవిడ పేరే పెట్టారు. అది మన ఇళ్లలో మామూలే. అత్తగారి పేరు కోడలు నోటితో పలకకూడదు, అదీ మామూలే. పిల్లని తిట్టాలన్నా ముద్దాడాలన్నా ఆ పేరు వాడటానికి లేదు కనక ఇంట్లో చిట్టి అయింది. ల్యాబులో మాత్రం ముద్దుపేర్లు ఒప్పుకోరు, ఆధార్‌లో ఉన్న పేరే రాయాలి. మొదటి రోజుల్లో కూతురి లైను సుభాషిణి రాసింది. తర్వాత చాలా కాలానికి, మా అమ్మ మొహం మనసులోకి రావడం లేదని త్రిమూర్తులు చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే, ఆవిడ మూట కట్టడం పూర్తిచేసి మేడమ్ అడుగున ఇంకో లైను చేర్చింది. ఆరోజు మేడమ్ అడిగింది కూడా, మీ అత్తగారి పేరేమిటని. నాలిక చివరికొచ్చిన మాటని సుభాషిణి అలవాటుగా మింగేసి, ఆధార్ కార్డు కాపీ ఉంది చూసి రాసుకోండి మేడమ్ అంది.

ఒక్కసారి ఆ పేరు పైకి అని ఉంటే, తన చెవిన తనకే పడేది.

ఒకే పేరు మీద రెండు లైన్లుంటే కింది లైనే చెల్లుతుంది. ఆ నియమం పెట్టింది సుభాషిణే. మార్పు చేసేవాళ్లు పాత లైను వెతుక్కోనక్కర్లేకుండా అడుగున కొత్తది రాస్తే చాలు, పని సులువవుతుందని పెట్టింది. అప్పుడు అందరూ శభాష్ అన్నారు. మర్నాడు తెల్లారి మేస్త్రి ఫైలు చదివింది. రెండు మాణిక్యాల్లో కిందిదాన్ని ఉంచుకుంది. ఫైలు తిరిగి రాసినప్పుడు పైది రాయలేదు. ఏ లైనూ అడగని మూట కనక చిట్టిని చెత్తలో పారేసింది. మెదడుకి అలవాటైన చిట్టి మొహం మాత్రం ఇంకా 'మాణిక్యం' అనే పేరునే చూపిస్తోంది. ఆ పేరు కింద ఇప్పుడున్నది అత్తగారు.

"నకలు?" అంది సుభాషిణి, జవాబు తెలిసి కూడా.

నకలు లేదు. ఒక మనిషి ప్రేమ ఎక్కడో కంప్యూటర్లో పడి ఉండకూడదు, రేపు ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు, నకలు ఉంటే నేను సంతకం పెట్టనని పట్టుబట్టింది కూడా సుభాషిణే. మళ్లీ మూట కడదామంటే ఆ చోటు ఏనాడో చల్లారిపోయింది. పట్టుకోవడానికి మెరుపే లేదు. తన చేత్తో తనే, కన్న కూతుర్ని దాని తండ్రి బుర్రలోంచి ఊడ్చేసింది. ఎవర్ని తిట్టుకోవాలి?

మేడమ్ ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ముందు ప్రమాదం తప్పిద్దాం అంది. అత్తగారి లైనుకి 'పెద్ద మాణిక్యం' అని వేరే పేరు పెడితే ఆవిడ తన చోటికి తను వెళ్లిపోతుంది, పిల్ల మొహం ఖాళీగా మిగులుతుంది, కనీసం తల్లి అనుకోడు కదా. ఆ మార్పు సుభాషిణే రాసింది. రాసింది మళ్లీ చదివింది, మళ్లీ చదివింది.

మొదట్లో కుదిరినట్టే కనబడింది. త్రిమూర్తులు తల్లి ఫొటోకి దండ వేశాడు. అన్నం వేళకి ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. చిట్టిని వెనక్కి తీసుకొచ్చారు. చిట్టి మాత్రం పగలు కళ్లు మూయడం మానేసింది. సెలవుల ఎండల్లో ఊరంతా కునుకు తీస్తుంటే అది గోడకి ఆనుకుని, రెప్పలు వాలినప్పుడల్లా బుగ్గ గిల్లుకునేది. "నేను పడుకుంటే నాన్న మళ్లీ కట్టెలు తెస్తాడా?" అని అడిగింది ఒకసారి. తేడులే అని తల్లి చెప్పింది. చెప్పిన మాట తనే నమ్మలేదు. ఎందుకంటే ఆయన ఆ పిల్ల ఎదురుపడినప్పుడల్లా గోడకి అతుక్కుపోతున్నాడు. అది సుభాషిణి చూసింది.

సెలవు పెట్టి ఇంట్లోనే కాపలా కూర్చుంది ఆవిడ. ఎంత కాపలా కాసినా పాలు విరిగిపోతే ఏం చేస్తుంది? సందు చివర కొట్టుదాకా వెళ్లి వచ్చింది, అంతే. వచ్చేసరికి మేడ మీంచి చిట్టి ఏడుపు. మెట్లెక్కితే పైన డాబా తలుపు గడియ వేసి ఉంది. తలుపుకి వీపు ఆనించి త్రిమూర్తులు కూర్చున్నాడు. ఒక చేతిలో చెప్పు. గడప మీద అడ్డంగా చీపురు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"తియ్యకు సుభా. నీకు దణ్ణం పెడతాను తియ్యకు," అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "అమ్మ తిరుగుతోంది ఇంట్లో. నా చేతుల్తో నేను తలకొరివి పెట్టిన మనిషి. ఇప్పుడు గౌనేసుకుని వచ్చింది."

తలుపవతల చిట్టి, నాన్నా కాళ్లు కాలుతున్నాయి, నాన్నా తలుపు తియ్యి అని ఒకటే కొట్టడం. అది నాన్నా అన్నప్పుడల్లా ఆయన చెవులు మూసుకుంటున్నాడు. సుభాషిణి ఎన్నడూ మొగుడి మీద చెయ్యి వేసిన మనిషి కాదు. ఆవేళ జబ్బ పట్టుకుని ఈడ్చి పక్కకి తోసింది. గడియ తీస్తే, వైశాఖ మాసపు ఎండలో నీళ్లట్యాంకు నీడ బెత్తెడు మేర ఉంటే, ఆ బెత్తెడులో ఒంటికాలి మీద నిలబడి ఉంది పిల్ల. అరికాళ్లు ఎర్రగా పొక్కిపోయాయి. తల్లి ఎత్తుకుని కిందికి దిగుతుంటే త్రిమూర్తులు వాళ్లని చూసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని మూలకి ఒదిగిపోయాడు. ఎవరికి ఎవరంటే ఎక్కువ భయమో చెప్పలేం.

పేరు మారిస్తే సరిపోలేదని పరంజ్యోతి మేడమ్ అంది. ఇన్నాళ్లు ఆ మొహాన్ని తల్లి మొహంగా చూసిన మెదడు తనంతట తనే ముడి వేసుకుంది. ఇంతకుముందు తల్లి బతికుందనుకున్నాడు, ఇప్పుడు తల్లి పోయిందన్న సంగతి కూడా సరిగ్గా అమరింది. పోయిన మనిషి ఎదురుగా నడుస్తుంటే భయపడక ఏం చేస్తాడు? ముడి విప్పే దారి ఒక్కటే. తల్లిని వేళ్లతో సహా తీసెయ్యాలి. తీసేస్తే ఆవిడ మీద ఆనుకుని ఉన్నవన్నీ పోతాయి. పుట్టిన వీధి, చిన్నప్పటి పాటలు, పలక మీద దిద్దించిన అక్షరాలు, ఇంకా ఏమేం ఆనుకున్నాయో తీస్తేగానీ తెలియదు. కుంచె పట్టే చెయ్యి పోవచ్చు. సుభాషిణి కూడా పోవచ్చు. పెళ్లిచూపులకి తీసుకెళ్లింది ఆ తల్లే కదా.

మళ్లీ చెల్లెలింటికి పంపేసిన పిల్లని ఎప్పటికీ అక్కడే ఉంచెయ్యొచ్చు. ఆ మాటా అనుకున్నారు. కానీ ఆయనకి ఆ ఈడు పిల్లలు వీధిలో నడుస్తుంటే చాలు, తలుపులు బిగించుకుంటున్నాడు. గోడ మీద చిట్టి ఫొటోకి గుడ్డ కప్పేశాడు. ఆ భయంతో ఆ మనిషి ఎన్నాళ్లు బతుకుతాడు? నాన్న బతికి ఉండగా ఆ పిల్ల ఎవరింట్లోనో పెరిగి, నాన్న నన్ను చూసి జడుసుకుంటాడని ఎవరికి చెప్పుకుంటుంది?

అనుమతి ఇవ్వవలసింది త్రిమూర్తులే. ల్యాబులో, పిల్ల కంటపడని చోట ఆయన నిక్షేపంలాంటి మనిషి. ఎదురుగా కూర్చుని మేడమ్ అంతా విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. చేతి గోళ్లలో ఇంకిన నీలిరంగు గీక్కుంటూ కూర్చున్నాడు.

"ఆ పిల్ల నా కూతురని మీరు చెప్తే నమ్ముతానండి," అన్నాడు చివరికి. "సుభ అబద్ధమాడదు. నాకు మాత్రం మా అమ్మే అవుపడతంది. ఏం చెయ్యను?"

ఆయన భార్య వైపు తిరిగాడు. దాని కాళ్లు తగ్గేయా అని అడిగాడు. తగ్గుతున్నాయి అంది.

"అయితే మా అమ్మని తీసెయ్యండి. పోయిన మనిషే కదా. కోపగించుకోదు."

ఒక్కటి చెప్పాలి అంది మేడమ్. తల్లి ప్రస్తావన వచ్చిన మాటలన్నీ తల్లితోనే పోతాయి. ఇప్పుడు అనుకుంటున్న ఈ మాటలు కూడా. కూతురుందని తెలిసిన సంగతి కూడా.

"అంటే నేను ఒప్పుకున్నానని కూడా నాకు తెలీదన్నమాట." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "సుభా, మరి నువ్వు చూసుకో. రేపు ఎవరో పిల్లనుకుని కసురుకుంటానేమో. కసరనివ్వకు."

ఫైలు రాసే అధికారం సుభాషిణిది. తెర మీద లైన్లు నిలబడి ఉన్నాయి. ఏ లైను తీసెయ్యాలో దాని మీద వేలు పెట్టి, ఈసారి భయంతో, పైకి చదివింది. "పెద్ద మాణిక్యం." పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక ఆ పేరు ఆవిడ నోట రావడం అదే మొదలు. గదిలో ఆ మాట వినడానికి అత్తగారు నిలబడి ఉన్నట్టే ఒళ్లు జలదరించింది. క్షమించండి అత్తయ్యా, అని లోపల అనుకుని లైను చెరిపేసింది. దాని మీద ఆనుకున్న మూటల పేర్లన్నీ మేస్త్రి ఒకటొకటిగా చూపించి, ఇవీ తీసెయ్యనా అని అడిగింది. కొన్నింటి పేర్లు చదవలేక కళ్లు మూసుకుని తియ్యమంది.

మర్నాడు ఉదయం సుభాషిణి మంచం పక్కనే నిలబడి ఉంది. ఆయన రెప్పలు కదిలాయి. కళ్లు తెరిచి పైకప్పు చూశాడు. తర్వాత ఆవిడని చూశాడు. ఆ కాస్త వ్యవధిలో సుభాషిణి మొక్కని దేవుడు లేడు. నువ్వెవరు అంటే ఏం చెయ్యాలి? నన్ను చూసి కేక పెడితే?

"సుభా, ఇంకా కాఫీ పెట్టలేదా?" అన్నాడు.

ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి, పంపు తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చింది. కాఫీ తాగాక ఆయన వసారాలోకి వెళ్లి రంగు డబ్బాలు ముందేసుకున్నాడు. కొత్త పడవ బల్ల మీద సున్నంతో గీత గీశాడు. చెయ్యి నిలకడగానే ఉంది. అక్షరాలు ఎక్కడ నేర్చుకున్నాడో ఆయనకి ఇక తెలియకపోవచ్చు. రాయడం మాత్రం వస్తోంది. తల్లి ఫొటో గోడ మీదే ఉంది. దాని ముందునుంచి రెండుసార్లు నడిచాడు, అది ఎవరి ఫొటో అని కూడా అడగలేదు.

పొద్దెక్కాక చెల్లెలు చిట్టిని తీసుకొచ్చి వీధి గుమ్మంలో దింపింది. సుభాషిణి అంతకుముందే ఫోనులో పిల్లకి అర్థమయ్యేలా అంతా చెప్పింది. నాన్నకి నువ్వు తెలియవు, భయపడకు, ఏడవకు అని. చెప్పడం వేరు, చూడటం వేరు. పిల్ల తలుపు రెక్క రెండు చేతులా పట్టుకుని, మందు రాసిన పాదాల మీద నిలబడి, లోపలికి అడుగు వెయ్యడం లేదు. ఆయన చేతికి అందేంత దూరంలో సుభాషిణి నిలబడింది. మళ్లీ ఈడ్చి పక్కకి తొయ్యాలంటే తొయ్యడానికి సిద్ధంగా.

త్రిమూర్తులు తలెత్తి చూశాడు. చిట్టి రెప్ప వెయ్యలేదు. ఆయన మొహంలో భయం లేదు. కూర్చున్నచోటునుంచి కదల్లేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దారిన పోయే పిల్ల నీడకి వచ్చి నిలబడితే ఏ పెద్దమనిషైనా ఎలా చూస్తాడో అలాగే చూశాడు. ఆ చూపులో ఇంకేమైనా ఉందేమోనని సుభాషిణి చాలా వెతికింది.

"ఎండలో నిలబడతావేం, లోపలికి రా," అన్నాడు. పిల్ల ఒక్క అడుగు లోపలికి వేసింది. నీ పేరేంటి అని అడిగాడు.

"మాణిక్యం."

ఇంట్లో ఎవరూ పిలవని ఆ పేరు అది బడిలో హాజరు పలికినట్టు గట్టిగా పలికింది. త్రిమూర్తులు కుంచె పక్కన పెట్టాడు. ఆ పేరుని తనలో తను ఒకసారి అనుకుని, ముందున్న బల్ల వెడల్పు చూసుకుని, అందులో పడుతుందో లేదో లెక్కగట్టుకున్నట్టున్నాడు.

"బాగుందే. పడవకి పెట్టదగ్గ పేరు," అన్నాడు. "ఎవరు పెట్టేరు నీకు?"

చిట్టి తల్లి వైపు చూసింది. పిల్ల మళ్లీ తండ్రి వైపు తిరిగింది.

"నువ్వే పెట్టేవు," అంది.